రాజుగారు పుస్తకం పూర్తి చేశారు

తాడేపల్లిగూడెం దగ్గర ఏలూరు కాలువ మీద లాకు గుమాస్తాగా పనిచేసిన నరసింహరాజు గారిని చేతిలో పుస్తకం లేకుండా ఎవరూ చూసి ఎరగరు. ఆయన ఒక్క పుస్తకమైనా పూర్తి చేయగా చూసినవాళ్ళు కూడా లేరు. మొదటి సంగతి గూడెమంతటికీ తెలుసు. రెండోది ఆయనొక్కరికే తెలుసు, అదీ ఆయనకి నలభై మూడో ఏడు వచ్చేదాకానే.

ఆయనది ఉండి పక్కన చిన్న పల్లెటూరు. అన్నదమ్ములు అయిదుగురు, పొలం ఒక్కరికి చాలినంత. అంచేత స్కూలు ఫైనలు కాగానే కాలవల డిపార్టుమెంటులో చేరి, నాలుగు లాకులు తిరిగి, చివరికి గూడెం లాకు దగ్గర స్థిరపడ్డారు. ఆరడుగుల మనిషి. నిమ్మకాయ నిలబెట్టగల మీసం. ఇక గొంతు సంగతి చెప్పాలంటే, ఆయన లాకు గట్టున నిలబడి దగ్గితే ఎగువ మలుపులో ఉన్న సరంగు పడవ నెమ్మది చేసేవాడు. ఆ మీసంతో ఆ గొంతుతో ఏం చెప్పినా, చదివి చెబుతున్నట్టే ఉండేది. ఆయన కొంప ముంచింది అదే.

గూడెంలో శ్రీ వాగ్విలాస పుస్తక భాండాగారం అని ఒకటుండేది. రెండు బీరువాలు, ఒక బల్ల, గోడకి దేశనాయకుల పటాలు, ముందు రోజు పేపరు. దానికి అధ్యక్షులు బియ్యం మిల్లు పాపారావు గారు. పక్షానికో ఆదివారం సాయంత్రం అక్కడ గ్రంథ ప్రసంగం జరిగేది. ఎవరో ఒకరు ఒక పుస్తకం చదివి దాని గుణగణాలు సభకి చెప్పాలి. ఎవరో ఒకరంటే నరసింహరాజు గారే. మిగిలినవాళ్ళు మాట్లాడితే జనం బీడీలు కాల్చుకోడానికి బయటికి పోయేవారు.

రాజుగారు పీఠిక చదివేవారు. పీఠికలో కథంతా ఉండేది, కథలో లేని గొప్పతనం కూడా ఉండేది. తరవాత మొదటి ముప్పై పేజీలు చదివేవారు. అక్కణ్ణించి గంటా పావు ప్రసంగం లాగేవారు. ఎవరైనా నిలబడి, "చివరికి ఆ పిల్ల ఏమవుతుందండీ?" అని అడిగితే చెయ్యి పైకెత్తి, కళ్ళు అరమూసి, "అది నేను చెప్పేస్తే తమరు చదవరండి" అనేవారు. ఆ నిగ్రహానికి జనం ముచ్చటపడి చప్పట్లు కొట్టేవారు.

పుస్తకం మీద ఆయనకి ప్రేమ లేక కాదు. ఉన్న చిక్కే అది. కొత్త పుస్తకం చేతికొస్తే దాని వాసన చూసేవారు, అట్ట నిమిరేవారు, పెళ్ళిచూపులకి వెళ్ళినవాడిలా తొలి పేజీల్లో తబ్బిబ్బయ్యేవారు. ముప్పయ్యో పేజీకి వచ్చేసరికి బీరువాలో రెండో పుస్తకం తలుపు తడుతున్నట్టనిపించేది. ఇంట్లో ఆయన మంచం కింద పదకొండు పుస్తకాలుండేవి. ఒక్కొక్కదాంట్లో ముప్పయ్యో పేజీ దగ్గర ఒక వేపపుల్ల. వేపపుల్ల దాటిన పుస్తకం లేదు.

ఇలా సాగుతుండగా పందొమ్మిది వందల ముప్పైనాలుగో సంవత్సరం శీతాకాలంలో ఎజ్రా మాష్టారు గూడెం వచ్చారు. ఏలూరు మిషను బళ్ళో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, గూడెంలో ఆస్పత్రి నర్సుగా ఉన్న కూతురు లిడియా దగ్గరికి చేరిన మనిషి. పొట్టిగా, తెల్లగా ఉతికిన కోటుతో, చీమకి దారిచ్చేలా నడిచేవారు. గట్టిగా మాట్లాడితే ఎవరికి నొప్పి కలుగుతుందో అన్నట్టుండేది ఆయన మాట.

మాష్టారు వచ్చిన మొదటి ఆదివారం రాజుగారు ఒక నవల మీద ప్రసంగించారు. సవతి తల్లి చేతిలో కన్నీళ్ళు పెట్టుకునే పిల్ల కథ. రాజుగారు చెబుతూ ఉంటే పోస్టు మాస్టరు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ప్రసంగం కాగానే మాష్టారు ఆ పుస్తకం తీసుకెళ్ళారు. మూడో రోజు సాయంత్రం భాండాగారానికి తిరిగొచ్చారు. పాపారావు గారు, పోస్టు మాస్టరు గారు, మరో ఇద్దరు పేపరు పంచుకుని చదువుతున్నారు. రాజుగారు బీరువా దగ్గర కొత్త పుస్తకం వాసన చూస్తున్నారు.

"రాజుగారూ, తమ దగ్గర చాకేమైనా ఉందాండీ?" అన్నారు మాష్టారు.

"చాకా? ఎందుకండీ మాష్టారూ?"

"ఈ పుస్తకంలో ముప్పైరెండో పేజీ తరవాత కాగితాలు కొయ్యలేదండి. మడతలు మడతలుగానే ఉన్నాయండి. అచ్చాఫీసు వాళ్ళు మరిచిపోయినట్టున్నారండి పాపం."

ఆ రోజుల్లో కొన్ని అచ్చాఫీసులు పుస్తకాలు అంచులు కోయకుండానే పంపేవి. మడతలు చాకుతో కోసుకుంటూ చదువుకోవాల్సిందే. మాష్టారు నవ్వలేదు. ఆయన నిజంగానే అచ్చాఫీసు మీద జాలిపడ్డారో, మరింకేమిటో చివరిదాకా ఎవరికీ తెలియలేదు. పాపారావు గారు మాత్రం పేపరు దించారు.

"కొయ్యకుండా తమరు ఎలా చదివారండీ రాజుగారూ?"

రాజుగారు మీసం మీద చెయ్యేశారు. మనిషి కంగారులో నోటికొచ్చిన మాటని మీసం మీద చెయ్యేసి అంటే అది ఇంకా అన్యాయంగా ఉంటుంది.

"పక్కనించి తొంగి చూసి చదివానండి."

అని ఊరుకోకుండా పుస్తకం తీసుకుని, మడత కొంచెం విప్పి, ఒక కన్ను మూసి, పేజీల సందులోకి ఎలా చూడాలో చూపించారు. మూడు వందల పేజీలు అలాగే చదివానన్నారు. "అందుకే పాపం, మధ్యమధ్య ఆయన కన్ను ఎర్రగా ఉంటుంది" అన్నారు పోస్టు మాస్టరు గారు నిజాయితీగా. పాపారావు గారు పేపరు మళ్ళీ పైకెత్తారు కానీ, పేపరు అదురుతూనే ఉంది.

లాకు పక్కనే రాజుగారి క్వార్టరు. భార్య బంగారయ్యమ్మ గారు ఘోషా మనిషి కాబట్టి చుట్టూ తడికలు కట్టించారు. ఆవిడ గడప దాటకపోయినా కాలువ మీద ఏ పడవ ఎటు పోతోందో చెప్పగలిగేది. ఆ సాయంత్రం ఆయన మొహం చూడగానే, "ఏవండీ, ఏ పడవైనా మునిగిందాండీ?" అంది.

"నేనే మునిగానండి" అన్నారు రాజుగారు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు 'అండీ' అనే పిలుచుకునేవారు, పోట్లాడుకున్నా సరే.

జరిగింది విని బంగారయ్యమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నవ్వు అయిపోయాక బయటికొచ్చి మజ్జిగ ఇచ్చింది.

మర్నాడు రాజుగారు ప్రతిజ్ఞ చేశారు. రోజుకి నూరు పేజీలు. ఆ ప్రతిజ్ఞకి తగ్గ హంగు కావాలి కదా. ఏలూరు నించి పడక కుర్చీ వచ్చింది, పుస్తకం నిలబెట్టే చెక్క వచ్చింది, కళ్ళు బాగానే ఉన్నా కళ్ళజోడు వచ్చింది. ఏ గంటకి ఎన్ని పేజీలో టైంటేబులు రాసి గోడకి అంటించారు. మొదటి రోజు భాండాగారం నించి తెచ్చిన కొత్త పుస్తకంలో నలభై పేజీలు చదివారు. రెండో రోజు పదకొండు. మూడో రోజు టైంటేబులు చదివారు. నాలుగో రోజు లస్కరు వీరాస్వామి, అంటే లాకు తలుపులు తీసి మూసే మనిషి, పడవొచ్చిందని చెప్పడానికి వస్తే, రాజుగారు మొహం మీద పుస్తకం కప్పుకుని గురక పెడుతున్నారు. ఆ గురకకి యాభై రెండో పేజీ లేస్తూ పడుతూ ఉంది.

వారం తిరిగేసరికి పడక కుర్చీలో పిల్లి పడుకోవడం మొదలెట్టింది.

"ఒక్క మాట అడగనాండీ?" అంది బంగారయ్యమ్మ గారు. "తమరు చదువుకోడానికి కూచుంటున్నారా, సన్మానానికి కూచుంటున్నారాండీ?"

రాజుగారు పిల్లిని కుర్చీలోంచి దింపారు.

"నేను రోజూ భోజనాలయ్యాక పురాణం చదూతాను కదండీ. ఆరు పద్యాలండి. ఏడోది ఎంత రంజుగా ఉన్నా మూసేస్తానండి. రేపు తియ్యబుద్ధి అవ్వాలి కదండీ."

"జ్వరమొస్తేనో?"

"రెండు పద్యాలండి. మానడం మటుకు ఉండదండి. ఇవాళ మానితే రేపు మానడానికి సిగ్గుండదండి."

ఇన్నేళ్ళుగా ఆ పురాణ పఠనాన్ని 'ఆడవాళ్ళ కాలక్షేపం' అని సభల్లో కూడా ఎగతాళి చేసిన రాజుగారు కాస్త నీళ్ళు నమిలి, "మరి అదెన్నిసార్లు పూర్తయిందండీ ఇప్పటికి?" అన్నారు.

"ఇది పదకొండోసారండి."

రాజుగారికి మంచం కింద పుస్తకాలు గుర్తొచ్చాయి. అవీ పదకొండే.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేమండీ?"

"చెబితే తమరు ప్రసంగం చేసేస్తారేమోనని భయమేసిందండి."

లైబ్రరీ పుస్తకాలు మాత్రం ఆవిడ ముట్టేది కాదు. ఊరందరూ వేలు నోట్లో పెట్టుకుని తిప్పిన కాగితాలు తనకి అక్కర్లేదనేది. కానీ ఉపాయం చెప్పింది ఆవిడే. పడవ లాకులోకి రాగానే వీరాస్వామి వెనక తలుపులు మూస్తాడు. తూము ఎత్తుతాడు. తొట్టిలో నీళ్ళు ముందున్న కాలవతో సమానమయ్యేదాకా పది పన్నెండు నిమిషాలు ఎవరికీ పనుండదు. ఆ కాస్సేపూ రాజుగారు గట్టున నిలబడి మీసం దువ్వుకునేవారు, లేకపోతే పడవ ఎక్కణ్ణించి వస్తోందో అడిగేవారు. అది చీటీలో రాసే ఉండేది.

"పొద్దున్న వచ్చే మొదటి పడవకి రెండు పేజీలు చదవండి. అంతేనండి. నూరు పేజీలని చుట్టాలకి చెప్పుకుందురు గాని."

రెండు పేజీలంటే రాజుగారికి నామోషీ అనిపించింది. అయినా మర్నాడు సవతి తల్లి నవల పట్టుకుని వెళ్ళారు. ఈసారి చాకు కూడా జేబులో పెట్టుకున్నారు. పడవ వచ్చింది, తలుపులు మూసుకున్నాయి, రాజుగారు ముప్పైమూడో పేజీ కోశారు.

అప్పుడొక సంగతి బయటపడింది. ఆయనకి మనసులో చదువుకోవడం చేతకాదు. ఏళ్ళ తరబడి సభల్లో అరిచిన గొంతు, అక్షరం కనిపించగానే తనంతట తానే లేచేది. లాకు గోడల మధ్య అది ఇంకా మోగేది. పడవలో ఉన్నవాళ్ళు గెడలు పక్కన పెట్టి తలలెత్తారు.

ఆ పడవ సరంగు ముత్యాలరావు. కొల్లేటి లంక మనిషి. ఎండు చేపలు ఎగువకి తీసుకెళ్ళి, దిగువకి అరటి గెలలు తెచ్చేవాడు. కథలో పిల్లని మేనాలో ఎక్కించి ఎక్కడికో పంపేస్తున్నారు. సరిగ్గా అక్కడ నీళ్ళు సమానమయ్యాయి. వీరాస్వామి ముందు తలుపులు తెరిచాడు.

"ఆ పిల్ల ఏమయిందండీ?" అన్నాడు ముత్యాలరావు.

'అది నేను చెప్పేస్తే' అనబోయి రాజుగారు ఆగిపోయారు. ఆయనకీ తెలియదు.

"ఇంకా చదవాలి" అన్నారు. ఆ మాట ఆయన అంతకు ముందెప్పుడూ నలుగురిలో అని ఉండరు.

నాలుగు రోజులకి ముత్యాలరావు అరటి గెలలతో తిరిగొచ్చాడు. వస్తూనే వినబోతే ఆ పిల్లకి పెళ్ళయి, కొడుకు పుట్టి, పాకుతున్నాడు.

"ఓర్నాయనో! నాలుగు రోజుల్లోనేనాండీ?" అని వాడు కళ్ళు తేలేశాడు.

మధ్యలో జరిగిందంతా రాజుగారు చెప్పాల్సి వచ్చింది. చెప్పాలంటే చదివి ఉండాలి, చదివింది గుర్తుండాలి. భాండాగారంలో ఎవరూ అడగని ప్రశ్నలు వాడు అడిగేవాడు. "ఆ మేనా మోసినోళ్ళకి డబ్బులెవరిచ్చారండీ?" అంటే రాజుగారు వెనక్కి తిప్పి చూసుకునేవారు. అలా ఒక్క పడవ రెండు పడవలయ్యాయి, రెండు నాలుగయ్యాయి. ఒక రోజు మాత్రం కథ మంచి పట్టులో ఉందని నీళ్ళు సమానమైనా పడవని వదల్లేదు. వెనక మూడు పడవలు ఆగి "లాకో! లాకో!" అని కేకలు.

"రాజుగారండీ, నీళ్ళు ఎప్పుడో సమానమయినాయండి. గేదెలు కూడా తాగెళ్ళినాయండి" అన్నాడు వీరాస్వామి.

ఆ రోజు నించి నీళ్ళు సమానమైతే వాక్యం మధ్యలోనైనా సరే పుస్తకం మూసేసేవారు. మూసేసిన సగం వాక్యం రోజంతా చెవిలో జోరీగలా తిరిగేది. రెండో పడవ ఎప్పుడొస్తుందా అని ఆయన గట్టు మీద కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఇంట్లోంచి బంగారయ్యమ్మ గారి నవ్వు వినపడేది.

ఫాల్గుణ మాసంలో ఒక పొద్దుటి పూట సవతి తల్లి నవల అయిపోయింది. చివరి పేజీ తిప్పితే తప్పొప్పుల పట్టిక, అచ్చాఫీసు పేరు. రాజుగారు పట్టిక కూడా చదివారు. ఇంకేమీ లేకపోయేసరికి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ఎప్పుడూ పుస్తకం ఈ వైపు నించి చూడలేదు.

"అయిపోయింది వీరాస్వామీ."

"ఏదండీ?"

"పుస్తకం."

"మరి కళ్ళల్లో నీళ్ళేంటండీ? పిల్ల సచ్చిపోయిందాండీ?"

"లేదు. సుఖంగానే ఉంది" అని రాజుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఎండాకాలం వచ్చి కాలవ కట్టేశారు. ఏటా అంతే, చైత్రం వెళ్ళాక నీళ్ళు ఆపి పూడిక తీస్తారు. పడవలు లేవు. పడవలు లేవు గనక చదువూ లేదు. పదిహేను రోజులకి గానీ రాజుగారికి ఆ సంగతి తట్టలేదు. పిల్లి అప్పటికే మంచం కింద పుస్తకాల మీద పిల్లల్ని పెట్టింది. ఇంట్లో చెప్పుకుంటే ఏమంటుందో తెలుసు కాబట్టి వీరాస్వామిని పిలిచి మంతనం చేశారు. మర్నాటి నించి, నీటి చుక్క లేని లాకు దగ్గర, పొద్దున్న ఏడింటికీ పదింటికీ సాయంత్రం నాలుగింటికీ వీరాస్వామి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "లాకో!" అని కేక పెట్టేవాడు. రాజుగారు గబగబా వచ్చి గట్టు మీద కూచుని చదివేవారు. పన్నెండు నిమిషాలయ్యాక వీరాస్వామి, "సమానమయినాయండి" అనేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి ఒకసారి కాలవకేసి, ఒకసారి వీళ్ళిద్దరికేసి చూసి, ఎండ దెబ్బనుకుని జాలిగా వెళ్ళిపోయేవారు.

మళ్ళీ శీతాకాలం వచ్చేసరికి రాజుగారు ఎనిమిది పుస్తకాలు పూర్తి చేశారు. చిక్కు అక్కడే మొదలయింది. ముప్పై పేజీలప్పుడు అమృతంలా ఉన్న పుస్తకాల్లో కొన్ని నూటయాభయ్యో పేజీ దగ్గర నీళ్ళ మజ్జిగయ్యాయి. ప్రసంగాలు గంటా పావు నించి పది నిమిషాలకి పడిపోయాయి. ఒకసారి నిలబడి, "బాగుందండి, చదువుకోండి" అని కూచున్నారు. ఇంకోసారి, "సగం దాటాక రాసినాయన నిద్రపోయారండి. నాకు ఆ అవకాశం లేకపోయిందండి" అన్నారు. చివరికేమవుతుందని అడిగితే టక్కున చెప్పేసేవారు.

జనానికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఇదివరకు ఎంత బాగా చెప్పేవారండీ! ఈ చదువు పట్టుకున్నాక పాడైపోయారు" అని పోస్టు మాస్టరు గారు బాధపడ్డారు. ఎజ్రా మాష్టారు ఒక్కరే ముందు వరసలో కూచుని తలాడించేవారు.

ఇలా ఉండగా పాపారావు గారు నవల రాశారు. రహస్యంగా ఏడేళ్ళు రాశారట. కనకలేఖా సౌశీల్యం. అయిదు వందల అరవై నాలుగు పేజీలు. సొంత ఖర్చుతో ఏలూరులో అచ్చు వేయించి, అయిదు వందల ప్రతులూ పడవ మీద తెప్పించారు. ఆవిష్కరణ సభలో ప్రసంగం రాజుగారిదేనని ఎవరినీ అడక్కుండానే కరపత్రం వేయించి, నెల్లాళ్ళ ముందుగా ప్రతి పంపించారు.

రాజుగారు మొదటి పేజీ నించి పడవలకి చదవడం మొదలెట్టారు. తొంభయ్యేడో పేజీలో కనకలేఖ మేనమామ పొలం గట్టు మీద పాము కరిచి పోయాడు. దహనం జరిగింది, అస్థికలు గోదావరిలో కలిపారు. ముత్యాలరావు పడవ అప్పుడు లాకులో ఉంది. వాడు చాలా బాధపడ్డాడు. రెండు వారాల తరవాత మూడు వందల నలభయ్యో పేజీలో కనకలేఖ పెళ్ళి జరుగుతూంటే మళ్ళీ వాడి పడవే వచ్చింది. పంక్తిలో కూచున్న మేనమామ పులిహోర ఇంకాస్త వెయ్యమని అడిగాడు.

"ఆగండాగండి!" అన్నాడు ముత్యాలరావు గెడ ఎత్తి. "ఆయన పోయాడు కదండీ? పాము కరిచి! నేనుండగానే కాల్చేశారండి!"

రాజుగారు వెనక్కి తిప్పారు. నిజమే. వీరాస్వామి తూము దగ్గర కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

సభ ఇంకా వారం రోజులుంది. రాజుగారికి అన్నం సయించలేదు. అబద్ధం ఆడటం ఆయనకి కొత్త కాదు. కానీ చదవకుండా పొగడటం వేరు, చదివి పొగడటం వేరు. రెండోదానికి నోరు రావడం లేదు.

"బాగున్నది బాగుందనండి, పులిహోర సంగతి పులిహోర సంగతనండి" అంది బంగారయ్యమ్మ గారు. "అంతకంటే ఏముందండీ?"

సభ నాడు పాపారావు గారు జరీ కండువాతో, మెడలో బంతిపూల దండతో కూచున్నారు. రాజుగారు లేచారు. కొల్లేటి వరద ఘట్టం దగ్గర మొదలెట్టారు. గడ్డిమేటు మీద ఒక తల్లి, చంటిపిల్ల, ఒక ఆవుదూడ రాత్రీ పగలూ కొట్టుకుపోయే ఆ ముప్పై పేజీలు తాను రెండుసార్లు చదివానన్నారు. కొల్లేట్లో పుట్టి పెరిగిన సరంగు అది వింటూ గెడ వదిలేశాడన్నారు. పాపారావు గారు దండ సర్దుకున్నారు. రాజుగారు అక్కడ కూచుంటే బాగుండేది. కూచోలేదు.

"అయితే ఒక్క మనవండి. తొంభయ్యేడో పేజీలో దహనమైన మేనమామ గారు మూడు వందల నలభయ్యో పేజీలో పులిహోర మారు అడిగారండి."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే ఎజ్రా మాష్టారు! అంత మెత్తటి మనిషి జేబురుమాలు నోటికడ్డం పెట్టుకుని భుజాలు ఊగించేస్తున్నారు. ఇంకేముంది, హాలంతా విరగబడింది. పోస్టు మాస్టరు గారికైతే పొలమారింది. పాపారావు గారు దండ తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు భాండాగారం నించి ఉత్తరం వచ్చింది. నరసింహరాజు గారి ఆరోగ్య దృష్ట్యా వారికి ప్రసంగాల నించి విశ్రాంతి కలగజేయడమైనది. రాజుగారు ఉత్తరం చివరిదాకా చదివి మడిచి పెట్టారు. ఆయన బాధపడింది దానికి కాదు. బల్ల మీద వదిలేసిన దండ కళ్ళకి కడుతూనే ఉంది.

ఊళ్ళో మాత్రం అందరికీ ఒక్కసారిగా ఆ నవల కావాల్సి వచ్చింది. బీరువాలో పెట్టిన రెండు ప్రతులకీ వరస కట్టారు. మొదట అందరూ తిన్నగా పులిహోర పేజీకే వెళ్ళేవారు. తరవాత కొందరు వరద దగ్గర ఆగిపోయేవారు.

పది రోజులకి పొద్దున్నే పాపారావు గారు గొడుగు వేసుకుని, కాలువ గట్టున నడిచి లాకు దగ్గరికొచ్చారు. గుర్రబ్బండి లేదు, వెనక మనుషుల్లేరు. రాజుగారు కంగారుగా లేచి నిలబడ్డారు. పాపారావు గారు గట్టు రాయి మీద కూచున్నారు.

"నిజంగా అంతా చదివారాండీ?"

"చదివానండి. తప్పొప్పుల పట్టిక కూడానండి."

"మా ఇంట్లో ఆవిడ చదవలేదండి. అచ్చు వేసినాయన చదవలేదండి, అక్షరాలు పేర్చుకుపోయాడంతే. రాసినవాణ్ణే కదా అని నేను కూడా మళ్ళీ చదవలేదండి." ఆయన గొడుగు మూశారు. "ఆ వరద సంగతి... నా మొహం చూసి అన్నారా, నిజంగా బాగుందాండీ?"

"తమ మొహం చూసి అనేవాణ్ణయితే మేనమామ జోలికి పోయేవాణ్ణాండీ?"

పాపారావు గారికి నవ్వొచ్చింది. నవ్వి, నెమ్మదిగా అన్నారు. "గడ్డిమేటు మీద కొట్టుకుపోయింది మా అమ్మేనండి. ఆ చంటిపిల్ల మా అక్క. నేనింకా పుట్టలేదు. అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో. అది రాద్దామని కూచుంటే, ముందూ వెనకా కథ లేకపోతే నవలెలా అవుతుందని అయిదు వందల పేజీలు కట్టానండి."

ఇంతలో దిగువ నించి "లాకో!" అని కేక వినపడింది. వీరాస్వామి వెనక తలుపులు మూసి తూము ఎత్తాడు. రాజుగారు ఆ వరద పేజీ తీసి, పుస్తకం పాపారావు గారి చేతికిచ్చారు.

"ఇవాళ తమరు చదవండి."

పాపారావు గారిది సన్నటి గొంతు. తడబడుతూ మొదలెట్టారు. పడవలో వాళ్ళు గెడలు పక్కన పెట్టారు. దూడ నీళ్ళలోకి జారే చోట ఆ పంక్తినే రెండుసార్లు చదివారు. నీళ్ళు సమానమయ్యాయి గానీ, వీరాస్వామి ఆ రోజు ఆ సంగతి చెప్పలేదు.

పడవ వెళ్ళిపోయాక పాపారావు గారు కళ్ళు తుడుచుకుని, "అంతా బాగానే ఉంది గానీ, మేనమామని ఏం చేద్దామంటారండీ? పెళ్ళిలోంచి లేపేద్దామా?" అన్నారు.

"పెళ్ళిలోంచి లేపడం ఎందుకండీ పాపం, ఆ పామునే తీసేస్తే పోలా?"

ఆ మాట తడిక లోపల్నించి వచ్చింది. పాపారావు గారు ఉలిక్కిపడి లేచి నిలబడి, ఎటు దణ్ణం పెట్టాలో తెలియక తడికకే పెట్టారు. రాజుగారు గిర్రున తడిక వైపు తిరిగారు. పరాయి మగవాడి ఎదట బంగారయ్యమ్మ గారి మాట వినపడటం అదే మొదలు. ఏడాది పైగా లాకు దగ్గర చదివిన ప్రతి పుస్తకమూ ఆవిడ తడిక అవతల పీట వేసుకుని విందన్న సంగతి ఆయనకి అప్పుడు తెలిసింది.

మిగిలిపోయిన నాలుగు వందల చిల్లర ప్రతులు మిల్లు నించి లాకు దగ్గరికి వచ్చాయి. ఆ చలికాలమంతా పడవకీ పడవకీ మధ్య ఇద్దరూ గట్టు మీద కూచుని పామున్న చోట కలంతో కొట్టేసి, దహనం మీద మరో కథ అచ్చు వేయించిన చీటీ అతికించారు. చీటీలో ఏం రాయాలో బంగారయ్యమ్మ గారు చెప్పింది. మేనమామకి ఎండదెబ్బ తగిలింది, మజ్జిగ తాగి లేచి కూచున్నాడు.

భాండాగారం వాళ్ళు రాజుగారిని మళ్ళీ ప్రసంగాలకి పిలిచారు. వీలున్నప్పుడు వెళ్ళేవారు. ఎజ్రా మాష్టారు ఆయన్ని సాగనంపే నెపంతో లాకు దాకా నడిచొచ్చి, రెండు పడవల సేపు కూచుని వెళ్ళేవారు. ఆ ఏడు రాజుగారు పూర్తి చేసిన కొత్త పుస్తకాలు అయిదంటే అయిదే. బంక అంటిన వేళ్ళతో పేజీలు తిరగడం లేదని ఇంట్లో విసుక్కునేవారు.